సంఘాల్లో ప్రసంగం వాక్యానికి కట్టుబడి ఉండాలి

సంపాదకులు గారికి,

అయ్యా,

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల క్రైస్తవ సంఘాల్లో ఆదివారం నాడు ప్రసంగ వేదిక మీద నుంచి ఏం వినిపిస్తున్నదనే విషయం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇది సంఘం లోపలి సంగతి కదా, దీనికి పత్రిక ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కానీ వారమంతా కూలికి పోయే మనిషి ఒక గంట సేపు స్థిమితంగా కూర్చుని మరొకరి మాట వినే చోటు మన పల్లెల్లో చాలామందికి అదొక్కటే. అక్కడ విన్నదాన్ని బట్టి అప్పు చేసేవారున్నారు, మందులు మానేసేవారున్నారు, కష్టం వస్తే తమ పాపమే దానికి కారణమని లోలోపల కుమిలిపోయేవారున్నారు. కనుక అక్కడ పలికే మాట సరైనదా కాదా అన్నది ఊరందరికీ పట్టవలసిన సంగతేనని నేను నమ్ముతున్నాను.

నేను చెప్పదలచింది ఒక్కటే. ప్రసంగీకుడు బైబిలు తెరిచి, ఒక భాగాన్ని ముందూ వెనుకా కలిపి చదివి, అది ఎవరికి, ఏ పరిస్థితిలో చెప్పిన మాటో వివరించి, అందులో ఉన్న సందేశాన్నే మనకు అందించాలి. తాను ముందే అనుకున్న మాటకు ఆసరాగా ఒక వచనాన్ని వెతికి తెచ్చుకోకూడదు. ఇది నేను కొత్తగా కోరుతున్నదేమీ కాదు. బబులోను చెర నుంచి తిరిగివచ్చిన యూదులు యెరూషలేములో నీటి గుమ్మం ఎదుట మైదానంలో గుమికూడి, ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం విన్నారని నెహెమ్యా గ్రంథం ఎనిమిదో అధ్యాయంలో ఉంది. ఆ రోజు శాస్త్రి అయిన ఎజ్రా, మందిర సేవకులైన లేవీయులు చేసిన పనిని ఆ అధ్యాయం ఇలా చెబుతుంది: "ఇటువలె వారు దేవుని గ్రంథమును స్పష్టముగా చదివి వినిపించి జనులు బాగుగా గ్రహించునట్లు దానికి అర్థము చెప్పిరి." బోధకుడి పని ఏమిటని ఎవరైనా అడిగితే ఇంతకంటే చెప్పవలసింది లేదు.

ఇప్పుడు మన దగ్గర జరుగుతున్నది చూద్దాం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు ఊరూరా మందిరాలు కిటకిటలాడతాయి. ఏడాదంతా రానివారు కూడా ఆ రాత్రి వస్తారు. పన్నెండు దాటగానే కొత్త సంవత్సరపు వాగ్దానం ఇస్తారు. అరచేతిలో ఇమిడే కార్డు మీద ఒక పక్క సూర్యోదయం బొమ్మ, మరో పక్క పాస్టరు దంపతుల ఫోటో, మధ్యలో ఒక వచనం, అడుగున సంఘం పేరు, ఫోను నంబరు ఉంటాయి. దాన్ని గుమ్మానికి అంటిస్తారు, బీరువా తలుపు మీద అంటిస్తారు, ఆటో నడిపేవాళ్లయితే అద్దం మీద పెట్టుకుంటారు. కొన్ని ఇళ్లలో ఆ ఏడాది పొడుగునా చదివే బైబిలు ఆ ఒక్క వచనమే. కార్డు ఇవ్వడాన్ని నేను తప్పు పట్టడం లేదు. ఆ మాట ఎక్కడిది, ఎవరితో అన్నది అనే సంగతి చెప్పకుండా చేతిలో పెట్టడాన్నే తప్పు పడుతున్నాను.

ఆ కార్డుల మీద తరచుగా కనిపించేది యిర్మీయా 29:11. "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న మాట తెలియని తెలుగు క్రైస్తవుడు ఉండడు. అది ఒక ఉత్తరంలోని మాట. బబులోను రాజు నెబుకద్నెజరు చెరపట్టి తన దేశానికి తీసుకుపోయిన యూదులకు యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుంచి రాసి పంపిన ఉత్తరం అది. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త మందిరంలో జనులందరి ఎదుట నిలబడి, రెండేళ్లలో బబులోను రాజు కాడి విరిగిపోతుందని, చెరపోయినవారంతా తిరిగి వస్తారని ప్రకటించాడు. బబులోనుకు లొంగి ఉండాలన్న దానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద పెట్టుకున్న కాడిని తీసి అందరూ చూస్తుండగా విరిచాడు కూడా. వినేవారికి అంతకంటే ఇంపైన మాట లేదు. దేవుడు నిన్ను పంపలేదని, ఈ జనాన్ని అబద్ధాన్ని నమ్మేటట్టు చేస్తున్నావని యిర్మీయా అతని ముఖం మీదే చెప్పాడు. హనన్యా ఆ సంవత్సరమే చనిపోయాడు.

ఆ వెనుక వచ్చే ఉత్తరంలో చెరలో ఉన్నవారికి దేవుడు చెప్పిన మాట ఏమిటంటే, అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరు చెరగా వెళ్లిన ఆ పట్టణపు క్షేమం కోసమే ప్రార్థించండి, బబులోనుకు డెబ్బై సంవత్సరాలు గడిచిన తర్వాతనే మిమ్మల్ని ఈ స్థలానికి తిరిగి రప్పిస్తాను అని. మేలైన ఉద్దేశాల మాట పదకొండో వచనంలో ఉంటే, డెబ్బై ఏళ్ల మాట దాన్ని ఆనుకుని పదో వచనంలో ఉంది. మీ మధ్యనున్న ప్రవక్తల చేత మోసపోవద్దన్న హెచ్చరిక ఎనిమిదో వచనంలో ఉంది. కార్డులో మాత్రం పదకొండు ఒక్కటే ఉంటుంది.

ఆ ఉత్తరం విన్న పెద్దవారిలో చాలామంది యెరూషలేమును మళ్లీ కళ్లతో చూసే అవకాశం లేదు. అయినా దేవుడు తమను మరువలేదని, తమ మనుమల కాలానికైనా ఆయన మాట నెరవేరుతుందని నమ్ముకుని, ఆ పరాయి ఊళ్లో న్యాయంగా బతకమని వారికి చెప్పడమే ఆ ఉత్తరంలోని ఆదరణ. భర్త కువైట్‌లో ఉన్న ఇల్లాలికి, కనిగిరి, పామూరు వైపు నుంచి బెంగళూరుకో హైదరాబాదుకో పనికి పోయిన కొడుకు కోసం ఎదురుచూసే తల్లికి అది ఎంత దగ్గరి మాటో ఆలోచించండి. ఆ అధ్యాయమంతా చదివి చెబితే వారికి ఏడాదంతా నిలిచే ధైర్యం వస్తుంది. ఒక్క వచనం కోసి ఇస్తే, ఈ ఏడు ఇల్లు లేస్తుందని, అప్పు తీరుతుందని అనుకుంటారు. తీరకపోతే తమ విశ్వాసం చాలలేదేమోనని దిగులు పడతారు. హనన్యా చెప్పిన రెండేళ్ల మాటను మనం యిర్మీయా నోట పెడుతున్నాము. ఇది చిన్న పొరపాటు కాదు.

మా ప్రాంతంలో పొగాకు వేసే ఒక కౌలురైతుకు ఒక ఏడాది పెట్టుబడి కూడా తిరిగి రాలేదు. కౌలు, ఆకు ఆరబెట్టే బ్యారన్ అద్దె, కట్టెలు, కూలీలు అన్నీ అప్పు మీదే నడిచాయి. ఆకు వేలానికి పోయేసరికి ధర పడిపోయింది. ఆ ఇంట్లో జరిగిన ప్రార్థన కూడికకు నేనూ వెళ్లాను. రాబడిలో పదో వంతైన దశమభాగం సంఘానికి సరిగా చెల్లించకపోవడం వల్లనే నష్టం వచ్చిందని, మలాకీ గ్రంథం 3:10 చూపించి, వచ్చిన బోధకుడు ఆ భార్యాభర్తలకు చెప్పాడు. ఆవిడ తలవంచుకుని పైటచెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. భర్త ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పదో వచనానికి సరిగ్గా ఐదు వచనాల ముందు, కూలివారి కూలి విషయంలో అన్యాయం చేసేవారి మీద, విధవరాండ్రను, తండ్రిలేనివారిని, పరదేశులను బాధపెట్టేవారి మీద తాను సాక్షిగా నిలబడతానని దేవుడు అంటున్నాడు. దానికి ముందు రెండు అధ్యాయాలలో ఆయన కోపం ప్రధానంగా బలిపీఠం దగ్గర గుడ్డి పశువును, కుంటి పశువును అర్పించిన యాజకుల మీదనే. మలాకీని మొదటి నుంచి చదివితే ముందుగా వణకవలసింది వేదిక మీద నిలబడినవాడు.

ఆ రైతుకు చదివి వినిపించవలసిన మాటలు బైబిలులో లేకపోలేదు. "చేనిలోని పైరు పంటకు రాకపోయినను" నేను యెహోవాయందు ఆనందించెదనని హబక్కూకు తన గ్రంథం చివర పాడాడు. పంట పోవడం శాపానికి రుజువు అని అతడు అనుకోలేదు. నీతిమంతుడై ఉండీ కష్టాల పాలైన యోబుకు అతని స్నేహితులు కూడా అచ్చంగా మన బోధకుడు చెప్పినట్టే చెప్పారు, నీ కష్టానికి నీ పాపమే కారణమని. గ్రంథం ముగిసేటప్పటికి దేవుడు వారి మాట యుక్తమైనది కాదని వారి మీదనే కోపించాడు. నలభై రెండు అధ్యాయాల ఆ గ్రంథాన్ని మన సంఘాల్లో ఎవరైనా పూర్తిగా బోధించి ఉంటే, అప్పుల్లో ఉన్న ఆ ఇంటికి వెళ్లి అలా మాట్లాడడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు.

స్వస్థత సంగతీ అంతే. రోగుల కోసం ప్రార్థించడం సంఘం చేయవలసిన పని, నేనూ చేస్తాను, చేయించుకుంటాను. కానీ యాకోబు పత్రిక ఐదో అధ్యాయం ప్రకారం రోగి పిలిపిస్తే సంఘపు పెద్దలే అతని దగ్గరికి వచ్చి, నూనె రాసి ప్రార్థన చేయాలి. ఇప్పుడు రోగి బస్సెక్కి సభకు పోవాలి, తైలం సీసా కొనుక్కోవాలి. చక్కెర వ్యాధికి వేసుకునే మాత్రలను అవిశ్వాసమని మానేసినవారిని నేను ఎరుగుదును. అపొస్తలుడైన పౌలు తన వెంట ఉన్న లూకాను "ప్రియుడైన వైద్యుడు" అని పిలిచాడు, తన తోటివాడైన త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచి రావలసి వచ్చింది, శిష్యుడైన తిమోతికి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. ఈ మూడు మాటలు వేదిక మీద నుంచి ఒక్కసారి వినిపించినా కొన్ని ఇళ్లు నిలబడతాయి.

ఈ రెండు జిల్లాలలో సంఘం పుట్టిన తీరు తెలిసినవారికి ఈ బాధ మరీ ఎక్కువగా ఉంటుంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరుకు వచ్చాడు. చాలా ఏళ్ల వరకు చెప్పుకోదగ్గ ఫలితం కనపడలేదు. ఈ మిషనును మూసేద్దామా అని అమెరికాలోని మిషను పెద్దలు మూడుసార్లు ఆలోచించారు. ఆయన తర్వాత వచ్చిన జ్యూయెట్ అయినా, 1866లో ఒంగోలు చేరిన క్లౌ అయినా జనానికి సులువుగా రుచించేదేదో చెప్పి మందిరాలు నింపుకోలేదు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో ఏర్పడింది. కనిగిరి ప్రాంతపు ఎర్రగుంట్ల పేరయ్య వంటి మనుషులు తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరుగుతూ, బంధువుల ఇళ్లలో అరుగుల మీద కూర్చుని తాము విన్నదాన్ని చెప్పడంతో అది పల్లెలకు పాకింది.

1876 నుంచి 1878 దాకా ఉన్న కరువును గుర్తు చేసుకోవాలి. తిండి లేక జనం రాలిపోతున్న రోజుల్లో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. బోధకులే అక్కడ మేస్త్రీలుగా ఉండి, పని ఆగిన వేళల్లో కూలీల మధ్య కూర్చుని క్రీస్తు గురించి చెప్పేవారు. బాప్తిస్మం ఇమ్మని వచ్చినవారు లెక్కలేనంత మంది. క్లౌ ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. అన్నం కోసం క్రీస్తు పేరు చెప్పుకునే పరిస్థితి ఎవరికీ రాకూడదని ఆయన ఉద్దేశం. సహాయం ముగిసింది, ఇక ఇచ్చేందుకు డబ్బు లేదని తేటతెల్లంగా చెప్పిన తర్వాత కూడా జనం వెనుదిరగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో దిగి ఆ బాప్తిస్మాలు ఇచ్చింది తెలుగు బోధకులే. ఆకలితో ఉన్న జనాన్ని ఆశ పెట్టి లాగడం ఎంత సులభమో క్లౌకు తెలుసు, ఆ దారి వద్దనుకున్నాడు. ఆ సంఘాల వారసులమైన మనం ఇవాళ ఇల్లు, కారు, వీసా పేరు చెప్పి జనాన్ని పిలుస్తుంటే నాకు చాలా బాధగా ఉంది.

రామాయపట్నంలో 1872లో బైబిలు బోధకులకు శిక్షణ ఇచ్చే వేదపాఠశాల పెట్టినదీ ఇందుకే. బోధించేవాడు ముందు తాను నేర్చుకోవాలని, చదువు రాని పల్లె బోధకుడిని కూడా భార్యాపిల్లలతో సహా అక్కడికి పిలిపించి లేఖనాలు చెప్పి పంపాలని ఆనాటివారు అనుకున్నారు. బైబిలు చదువుకోవడం కోసమే అక్షరాలు దిద్దుకున్న కుటుంబాలు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ల నుంచే ఆ తర్వాత ఉపాధ్యాయులు, నర్సులు, ఉద్యోగులు వచ్చారు.

ఇంతవరకు రాసినదాన్ని పాస్టర్ల మీద ఫిర్యాదుగా తీసుకోవద్దని మనవి. పల్లెలో ఒక పాస్టరు వారం ఎలా గడుస్తుందో నాకు తెలుసు. సోమవారం ఒక చావు, మంగళవారం ఒక గృహప్రవేశం, బుధవారం స్త్రీల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, మధ్యలో ఆసుపత్రికి తోడు వెళ్లడం, రేషను కార్డు కోసం సచివాలయానికి వెళ్లడం. జీతమంటూ ఉండదు, కానుకల సంచిలో పడినదే ఆదాయం. కొందరు పగలు ఆటో నడుపుతారు, కొందరు ప్రైవేటు బడిలో చెబుతారు. ఆయన ఇంట్లో బైబిలు తప్ప మరో సహాయ గ్రంథం ఉండదు. శనివారం రాత్రి పదింటికి కూర్చుంటే, యూట్యూబులో ఎవరో పెద్ద బోధకుడు చెప్పినదాన్ని మర్నాడు అప్పజెప్పడం తప్ప ఆయనకు మరో దారి ఏముంది? మనం అడిగేది కూడా అదే. కీబోర్డు మోగకపోతే, బోధకుడు "పక్కవారితో చెప్పండి" అని అనిపించకపోతే, ప్రసంగంలో ఊపు లేదని గుమ్మం దాటకముందే అనుకుంటాము. జనులు దురద చెవులు గలవారై తమకు అనుకూలమైన బోధకులను పోగుచేసుకుంటారని పౌలు తిమోతికి రాసిన రెండో పత్రికలో హెచ్చరించాడు. అక్కడ తప్పు మొదలైంది వినేవారి చెవుల్లో.

దీనికి నాకు తెలిసిన మంచి మార్గం, ఒక గ్రంథాన్ని తీసుకుని మొదటి అధ్యాయం నుంచి చివరి దాకా వరుసగా బోధించడం. పూర్వకాలపు గొప్ప బోధకుడు క్రిసోస్తము అంతియొకయ పట్టణంలో మత్తయి సువార్తను అలాగే చెప్పాడు. జెనీవా నగరం నుంచి 1538లో వెళ్లగొట్టబడిన సంఘ సంస్కర్త కాల్విన్, 1541లో తిరిగివచ్చిన తర్వాత ఎవరినీ నిందించకుండా, తాను ఆపిన వచనానికి తర్వాతి వచనం నుంచి మొదలుపెట్టాడని చరిత్రలో చదువుతాము. వరుసగా చెప్పడంలో ఒక గొప్ప మేలు ఉంది. బోధకుడికి ఇష్టం లేని మాట కూడా వంతు వస్తే చెప్పక తప్పదు. యాకోబు పత్రిక మొదలుపెడితే రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి ముందు వరుసలో కుర్చీ వేసి, మురికి బట్టల బీదవాడిని నేల మీద కూర్చోమనే సంఘం కనిపిస్తుంది. ఐదో అధ్యాయంలో, చేలు కోసిన పనివారికి ఇవ్వక బిగపట్టిన కూలి మొరపెడుతుంది. గలతీ పత్రిక మూడో అధ్యాయానికి వస్తే, క్రీస్తునందు అందరూ ఒక్కటే అన్న మాటను కులం చూసి పిల్లనిచ్చే మన పెళ్లి సంబంధాల ముందు పెట్టక తప్పదు. తనకు నచ్చిన వచనాలే ఏరుకునే బోధకుడు వీటి జోలికి ఏళ్ల తరబడి రాకుండా గడిపేయగలడు. దేవుని సంకల్పమంతా మీకు తెలుపకుండా నేనేమీ దాచుకోలేదని ఎఫెసు పెద్దలతో పౌలు అన్నాడు. ఆ మాట అనగలగాలంటే వరుసగా చెప్పడమే మేలు.

వినేవారు కూడా చేయవలసింది ఉంది. బెరయ పట్టణం వారు పౌలు చెప్పినవి అలాగే ఉన్నాయో లేదో అని ప్రతిదినం లేఖనాలు పరిశోధించారు. అపొస్తలుల కార్యముల గ్రంథం వారిని అవిధేయులని అనలేదు, ఘనులని అన్నది. మన దగ్గర మాత్రం బోధకుడిని ఒక ప్రశ్న అడిగితే దేవుడు ఏర్పరచుకున్న అభిషిక్తుడిని ఎదిరించినట్టు చూస్తున్నారు. వేదిక మీద నుంచి వచనం పేరు చెప్పినప్పుడు ఆ పుట తీసి, ముందు నాలుగు వచనాలు, వెనుక నాలుగు వచనాలు చూసుకునే అలవాటు యువకులకు చేయాలి. చదువు రాని పెద్దవారి కోసం ఆ రోజు భాగాన్ని ప్రసంగానికి ముందు స్పష్టంగా, నిదానంగా, పూర్తిగా చదివి వినిపించాలి. హైస్కూలు చదివే ఆడపిల్లలు ఆ పని ఎంత చక్కగా చేయగలరో మా సంఘంలో చూశాను. ఒక అవ్వ కళ్లు మూసుకుని వింటూ, తనకు తెలిసిన వచనం రాగానే చదివే అమ్మాయితో పాటు పెదవులు కదుపుతుంది.

సంవత్సరం మారే వేళ సంఘాలు లెక్కలు చూసుకుంటాయి. సౌండు బాక్సులకు, ఫ్లెక్సీలకు, బయటి నుంచి వచ్చే అతిథి బోధకుల రానుపోను ఖర్చులకు పద్దులు ఉంటాయి. తమ పాస్టరు గారికి బైబిలు నిఘంటువు, పదసూచిక, రెండు మూడు మంచి వ్యాఖ్యాన గ్రంథాలు కొనివ్వడానికి ఒక పద్దు పెట్టాలని, వారంలో రెండు ఉదయాలు ఆయనను ఎవరూ పిలవకుండా చదువుకోనివ్వాలని, వచ్చే ఏడాది కనీసం ఒక్క గ్రంథాన్నైనా సంఘమంతా వరుసగా వినాలని నా ప్రతిపాదన. మార్కు సువార్తలో ఉన్నవి పదహారు అధ్యాయాలు. ఆదివారానికి అర అధ్యాయం చొప్పున చెప్పినా ఏడాది తిరగకముందే పూర్తవుతుంది. జనవరిలో జరిగే సర్వసభ్య సమావేశాల ఎజెండాలో ఈ అంశాన్ని చేర్చవలసిందిగా రెండు జిల్లాల సంఘ పెద్దలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సంఘ పెద్ద,
కందుకూరు.